కెమెరా సంచి అని తెలియకూడదు, ట్రైపాడ్ కూడా అందులోనే పట్టాలి: ఎలాంటి భుజం సంచి కొనాలి?

చిత్తూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా మళ్లీ చెబుతాను. సోనీ ఏ6400 కెమెరా, దానికి 18-135 ఎంఎం జూమ్ లెన్సు, ఇంకో 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు ఉన్నాయి. మడిస్తే 40 సెంటీమీటర్లకు వచ్చే అల్యూమినియం ట్రైపాడ్ (మూడు కాళ్ల కెమెరా స్టాండు) ఉంది. ఆర్టీసీ బస్సుల్లో, బైకు మీద తిరుగుతూ గంగమ్మ జాతర, తలకోన జలపాతం, చంద్రగిరి కోట ఫొటోలు తీసుకోవాలి. వీపుకు తగిలించుకునే బ్యాగు వద్దు, భుజానికి వేసుకునేదే కావాలి. చూసినవాళ్లకు కెమెరా సంచి అని తెలియకూడదు, ట్రైపాడ్ కూడా అందులోనే ఉండాలి. ఏది కొనమంటారు?

సూటిగా చెబుతున్నాను. కెమెరా సంచి కొనకండి. 17 అంగుళాల ల్యాప్‌టాప్ పట్టే మామూలు క్యాన్వాస్ ఆఫీసు సంచి కొనండి. లోపలి కొలతలు చూసుకోండి: అడుగున పొడవు 42 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఎత్తు 28 నుంచి 30, మందం 12 నుంచి 13. అందులో అడుగున ట్రైపాడ్ అడ్డంగా పడుకోవాలి. దానిపైన మెత్తటి అరలున్న చిన్న పెట్టెలాంటిది పెట్టి కెమెరా, లెన్సులు సర్దుకోవాలి. అడుగు భాగానికి ఒక పక్క జిప్పు వేయించుకుంటే పైన కెమెరా కదలకుండానే ట్రైపాడ్ బయటికి వస్తుంది. బ్యాగులు కుట్టే మనిషి దగ్గర అర పూట పని.

నేను తిరుపతిలో పద్దెనిమిదేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. పెళ్లిళ్లతో ఇల్లు గడుస్తుంది, జాతర్లూ అడవులూ ఇష్టంకొద్దీ. ఇప్పటికి తొమ్మిది సంచులు వాడాను, వాటిలో ఆరు కెమెరా కంపెనీలవే. ఇప్పుడు వాడుతున్నది పైన చెప్పిన లాంటిది, ఏడో ఏడు నడుస్తోంది.

ముందు బరువు లెక్క చూద్దాం. ఏ6400 బ్యాటరీ, కార్డుతో కలిపి 403 గ్రాములు. 18-135 లెన్సు 325. మీ 50 లెన్సు సోనీదే, ఓఎస్ఎస్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్నదే అయితే 202. మూడూ కలిపితే 930 గ్రాములు, కిలో కూడా రాదు. మీ ట్రైపాడ్ తలతో, అంటే పైన కెమెరా బిగించే భాగంతో సహా దాదాపు కిలోన్నర ఉంటుంది. అంటే మీరు మోసే వాటిలో అన్నిటికన్నా బరువైనదీ, పొడవైనదీ, గట్టిదీ ట్రైపాడే. కంపెనీలవాళ్లు కెమెరా చుట్టూ సంచి ఆలోచించి, ఆఖర్న ట్రైపాడ్ కోసం కింద రెండు పట్టీలు తగిలిస్తారు. మీరు తిరగేసి ఆలోచించాలి. ట్రైపాడ్‌కు చోటు చూసి సంచి ఎంచుకుంటే, కిలో కూడా లేని కెమెరా సామాను ఎక్కడైనా సర్దుకుంటుంది.

ట్రైపాడ్ బయట వేలాడితే ఎంత మంచి సంచైనా దాగదు. దీని మీద నాకు ఒక అనుభవం ఉంది. ఒక రోజు తెల్లవారుజామున తిరుపతి బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను. నా భుజాన పేరు, గుర్తు ఏమీ లేని బూడిదరంగు సంచి. కింద పట్టీలకు ట్రైపాడ్ కట్టి ఉంది. టీ పోసే ఆమె గ్లాసు చేతికిస్తూ, "కెమెరా జాగర్త నాయనా, బస్సు ఎక్కేటప్పుడు రద్దీగా ఉంటాది" అంది. సంచి తెరవనే లేదు, నీకెట్లా తెలిసిందక్కా అని అడిగాను. "మూడు కాళ్లు బయటికి కనపడతా ఉండాయి కదప్పా" అంది. ఆమె మంచికే చెప్పింది. కానీ ఆమెకు కనిపించినవి అక్కడున్న అందరికీ కనిపిస్తాయి కదా. ఆ నల్లటి రబ్బరు పాదాలు చూస్తే ఫొటోగ్రఫీ తెలియనివాళ్లకు కూడా విషయం అర్థమైపోతుంది.

రెండో అనుభవం గంగమ్మ జాతరది, తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మాతంగి వేషం రోజు. మగపిల్లలు చీర కట్టుకుని, పూలజడ వేసుకుని, నగలు పెట్టుకుని మొక్కు తీర్చుకోడానికి గుంపులుగా వస్తారు. నేను గుంపు మధ్యలో ఒక ఫొటో కోసం చటుక్కున తిరిగాను. సంచి కింద కట్టిన ట్రైపాడ్ నాతోపాటు తిరిగి, దాని నాబ్, అంటే తిప్పి బిగించే మర, ఒక పిల్లవాడి పూలజడకు తగులుకుంది. సగం జడ పూలు రాలి కిందపడ్డాయి. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, రాలిన పూలు ఏరి తువ్వాల్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత నేను సంచికి బయట ఏదీ కట్టలేదు.

మరి కింద పట్టీలు కాకుండా పక్కన నిలువుగా కట్టుకుంటే? కిలోన్నర ఒక పక్కకు చేరితే సంచి వంకరగా వేలాడుతుంది, పట్టీ మెడవైపు జారుతుంది. వెనుక, అంటే ఒంటికి ఆనుకునే వైపు పెడితే తుంటి ఎముకకు గుచ్చుకుంటుంది. అలా పెట్టుకుని కోట చుట్టూ గంట తిరిగితే నొప్పి రెండు రోజులు పోదు, నేను పడ్డాను. ముందు మూత కింద పెడితే మూత ఉబ్బి, సంచి కడుపుతో ఉన్న మేకలా కనిపిస్తుంది, పైగా తెరవడానికి రెండు చేతులూ కావాలి. అడుగున అడ్డంగా పడుకోబెట్టినప్పుడు మాత్రం బరువు కిందికి చేరి సంచి ఊగదు, కింద పెడితే తనంతట తాను నిలబడుతుంది. అడుగు గట్టిగా ఉంటుంది కాబట్టి సంచి ఆకారం కూడా చెడదు.

ఇక సంచి "కనపడకపోవడం" గురించి. నల్లటి నైలాను, నాలుగు పక్కలా స్పాంజితో డబ్బాలా బిగిసిన ఆకారం, తెల్లగానో పసుప్పచ్చగానో కంపెనీ పేరు, పక్కన వలలాంటి జేబు. ఈ నాలుగూ ఉంటే దూరం నుంచే చెప్పేయొచ్చు. వీటిలో ఆకారమే అన్నిటికన్నా ముందు పట్టిస్తుంది. పేరు మీద నల్ల దారంతో కుట్టుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు, డబ్బా ఆకారాన్ని మాత్రం ఏమీ చేయలేం. అందుకే మెత్తగా వంగే క్యాన్వాస్ కావాలంటున్నాను. ఈ ఆలోచన నాది కాదు. అమెరికాలో జిమ్ డోమ్కే అనే పత్రికా ఫొటోగ్రాఫర్ 1970లలో గట్టి డబ్బాలతో విసిగిపోయి తనకోసం మెత్తటి క్యాన్వాస్ సంచి కుట్టించుకున్నాడు, అదే తర్వాత డోమ్కే ఎఫ్-2గా పేరుపడింది. ఇంగ్లండులో బిల్లింగ్‌హామ్ కంపెనీ 1973లో మొదలైనప్పుడు చేసింది చేపలు పట్టేవాళ్ల సంచులు. ఫొటోగ్రాఫర్లు వాటిని వెతుక్కుంటూ వచ్చారు. కెమెరా కోసం పుట్టని సంచే కెమెరాకు మంచి చాటు.

మన ఊళ్లో ఎవరి భుజాన ఎలాంటి సంచి ఉంటుందో ఒకసారి గమనించండి. తిరుపతిలో మెడికల్ రెప్పులు, బీమా ఏజెంట్లు, కాలేజీ లెక్చరర్లు, యాత్రికులు. ముదురు గోధుమరంగు, ఖాకీ, ముదురు ఆకుపచ్చ సంచులైతే వీళ్ల మధ్య కలిసిపోతాయి. నలుపు వద్దు. మేలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, జాతర జరిగేది కూడా ఆ నెలలోనే. నల్ల సంచి ఎండలో అరగంట ఉంటే లోపల చేయి పెట్టినప్పుడే వేడి తెలుస్తుంది. కొత్త సంచి కొనగానే రెండు మూడు సార్లు ఉతికి ఎండబెట్టండి. కొత్తదనం పోయిన సంచిని ఎవరూ రెండోసారి చూడరు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డతో మూత కుట్టించుకున్నవాళ్లను కూడా చూశాను. అందంగా ఉంటుంది, కానీ అందంగా ఉన్నదాన్ని మనుషులు చూస్తారు. మీకు సాదా క్యాన్వాసే మేలు.

కొలతల్లో మోసపోకండి. అట్ట మీద రాసేది బయటి కొలత. 42 అని రాసి ఉంటే లోపల 39 రావచ్చు. దుకాణానికి టేపు తీసుకెళ్లి, లోపల అడుగున ఈ మూల నుంచి ఆ మూలకు పట్టి చూడండి. ఇంకా మంచి పద్ధతి, ట్రైపాడ్‌నే తీసుకెళ్లి పెట్టి చూడటం. ట్రైపాడ్ పొడవు కూడా తల బిగించి ఉన్నప్పుడే కొలవాలి. చాలామంది కాళ్లు మాత్రమే కొలిచి, ఇంటికి వచ్చాక తల బయటికి పొడుచుకొస్తే బాధపడతారు. మీ రకం ట్రైపాడ్ కాళ్లు వెనక్కి మడుచుకుని తల చుట్టూ చేరతాయి, మడిచాక లావు 10 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అందుకే మందం 12 తప్పనిసరి అంటున్నాను. ఎత్తు లెక్క ఇలా వచ్చింది: ట్రైపాడ్‌కు 10, దానికీ కెమెరాకూ మధ్య అడ్డంగా వేసే పలకకు 1, లెన్సు కిందికి ఉండేలా పెట్టిన కెమెరాకు 15, 16. మొత్తం 27. పైన ఒకటి రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, లేకపోతే మూత సరిగ్గా పడదు.

ఇప్పుడు కుట్టించే పని. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఇక్కడ జరిగే పొరపాట్లే ఎక్కువ.

బ్యాగులు రిపేరు చేసేవాళ్లు తిరుపతి గాంధీ రోడ్డు వైపు, చిత్తూరు బజారులో దొరుకుతారు. స్కూలు బ్యాగుల జిప్పులు మార్చే మనిషి అయితే చాలు. నేను కుట్టించుకున్నాయన ముందు సంచిని తిరగేసి, అడుగు మూలల్లో కుట్టు విప్పాడు. ముందువైపు చివర అడ్డంగా జిప్పు పెట్టి, అది రెండు మూలలూ తిరిగి పక్కలకు కొంచెం కొంచెం వచ్చేలా కుట్టాడు. ఆ కొంచెం వంపు వల్లే నోరు పూర్తిగా తెరుచుకుంటుంది. నేరుగా అడ్డంగా మాత్రమే కుడితే ట్రైపాడ్ తల ఇరుక్కుపోతుంది. మీరు నడిచేటప్పుడు జిప్పు మీకు ముందువైపు ఉండాలి, వెనుకవైపు కాదు. ముందుంటే మీ కళ్లెదుట ఉంటుంది, ఎవరి చేతికీ అందదు.

ట్రైపాడ్ పెట్టేటప్పుడు నాబ్‌లున్న తల వైపు జిప్పు దగ్గరకు రావాలి. తలను లోపలికి తోస్తే, లాగేటప్పుడు నాబ్‌లు లైనింగుకు తట్టుకుని చింపుతాయి. ఒక పాత జీన్స్ ప్యాంటు కాలు మోకాలి కింది నుంచి కత్తిరించి, ఒక పక్క కుట్టేసి ట్రైపాడ్‌కు తొడగండి. చప్పుడు ఉండదు, గీతలు పడవు, పైగా బయటికి తీసినప్పుడు కూడా అదేమిటో ఎదుటివాళ్లకు వెంటనే తెలియదు. నేను తొడిగింది మా తమ్ముడి పాత ప్యాంటు. రెండు సార్లు ఉతికాను, ఇంకా అలాగే ఉంది.

ట్రైపాడ్‌కూ కెమెరాకూ మధ్య పలకకు, పైన అరల పెట్టెకు మామూలు స్పాంజి వాడనివ్వకండి. దాన్ని వేలితో నొక్కితే అడుగు తగులుతుంది, నెలకే అణిగిపోతుంది. పిల్లలు ఆడుకోడానికి గదుల్లో పరిచే రబ్బరులాంటి చాపలు ఉంటాయి కదా, ఒకదానిలో ఒకటి బిగించేవి, ఈవీఏ షీట్లంటారు. 10 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. కత్తెరతో తెగుతుంది, అణగదు, నీళ్లు పీల్చదు. దానికి లోపలివైపు మెత్తటి గుడ్డ అంటించి అరలు చేసుకోవాలి. అరలు మూడు చాలు. మధ్యలో కెమెరా, లెన్సు తగిలించే ఉండాలి. ఒక పక్క 50 లెన్సు, ఇంకో పక్క బ్యాటరీలు, చార్జరు, తుడిచే గుడ్డ. అరలు ఎక్కువైతే చీకట్లో వెతుక్కోవాలి. ఓపిక లేకపోతే ఆన్‌లైన్లో అరల పెట్టె విడిగా దొరుకుతుంది, ఎత్తు 16 దాటకుండా చూసుకోండి.

తడి ట్రైపాడ్ గురించి మాత్రం అశ్రద్ధ చేయకండి. మీరు తలకోన పేరు చెప్పారు కాబట్టి ఇది మీకు తప్పకుండా ఎదురవుతుంది. 270 అడుగుల నుంచి నీళ్లు పడుతుంటే కింద గాలంతా తుంపర. నీళ్లు పాలలా సాగినట్టు రావాలంటే కెమెరా షట్టరు అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా తెరిచి ఉండేలా పెట్టాలి, ట్రైపాడ్ కాళ్లు నీళ్లలో దిగాల్సిందే. ఒక ఏడాది నవంబరులో అలా తీసి, కాళ్లు పైపైన తుడిచి సంచిలో పెట్టుకుని వచ్చాను. అప్పటి సంచిలో ట్రైపాడ్‌కు వేరే అర లేదు. కాళ్ల గొట్టాల్లో దూరిన నీళ్లు మెల్లగా కారి స్పాంజి పీల్చుకుంది. బయట ముసురు, నేను వారం పాటు సంచి తెరవలేదు. సంక్రాంతికి లెన్సు తీసి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల సాలెగూడులా ఫంగస్. రెండు లెన్సులకు పట్టింది. చెన్నైలో శుభ్రం చేయిస్తే ఒకటి బాగుపడింది, రెండోదానికి అద్దం మీది పూతే పోయింది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ, తలకోన నిండుగా ఉండేదీ అప్పుడే. కాబట్టి ఈ ఇబ్బంది ఏటా వచ్చేదే.

అందుకని ట్రైపాడ్ అరకు లోపల రెగ్జిన్ లైనింగు వేయించండి. అడుగున రెండు చోట్ల చిన్న కన్నాలు పెట్టించి, షామియానా గుడ్డకు ఉంటాయే అలాంటి ఇత్తడి రింగులు కొట్టించండి. నీళ్లు అక్కడి నుంచి కారిపోతాయి. మధ్య పలక నాలుగు వైపులా సంచికి కుట్టి ఉండాలి, ఊరికే పెడితే తడి పైకి వస్తుంది. ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లన్నీ పూర్తిగా సాగదీసి, తలకిందులుగా గోడకు ఆనించి రాత్రంతా వదిలేయండి. తడిసిన ప్యాంటు కాలును విడిగా ఆరేయండి. పై అరలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచండి.

పట్టీ సంగతి. పట్టీని సంచి పక్కలకు పైన మాత్రమే కుట్టి ఉంటే నాలుగు కిలోలకు ఆ కుట్టు మెల్లగా తెగుతుంది. పట్టీ అడుగు కింది నుంచి చుట్టి రావాలి, మంచం నవారులా. డోమ్కే సంచికి కూడా అలాగే ఉంటుంది. మీరు కొన్న సంచికి అలా లేకపోతే బ్యాగులాయనతోనే వేయించుకోండి. వెడల్పు 5 సెంటీమీటర్లు ఉండాలి. మీ లెక్క చూస్తే కెమెరా సామాను కిలోకు తక్కువ, ట్రైపాడ్ కిలోన్నర, సంచి ఒక కిలో, నీళ్ల సీసా అర కిలో, పైన చిల్లర వస్తువులు. నాలుగు కిలోలకు అటూ ఇటూ. ఒక భుజం మీద రోజంతా మోయడానికి నా దృష్టిలో అదే హద్దు. పట్టీని తల మీదుగా ఎదురు భుజానికి అడ్డంగా వేసుకోండి, గంటకోసారి భుజం మార్చండి. తర్వాత ఎప్పుడైనా పెద్ద జూమ్ లెన్సు కొంటే మాత్రం ఈ సంచిలో ఇరికించకండి. అప్పుడు మీరు వద్దనుకున్న వీపు బ్యాగే సరైనది.

మూతకు వెల్క్రో వద్దు. పెళ్లిలో తాళి కట్టే వేళ, మేళం ఆగిన ఆ రెండు క్షణాల్లో నా వెల్క్రో చప్పుడుకు మూడు వరసల జనం వెనక్కి తిరిగారు. ఉన్న వెల్క్రో మీద ఒక గుడ్డ ముక్క కుట్టించేసి, మూతకు రెండు అయస్కాంత బొత్తాలు పెట్టించండి. అయస్కాంతం మనిషి చేతికి తేలిగ్గా ఊడుతుంది కాబట్టి దాని కింద తప్పకుండా జిప్పు ఉండాలి. జనంలోకి వెళ్తే జిప్పు వేయాలి, ఫొటోలు తీసే చోట నిలబడ్డాక మూత ఒక్కటే చాలు. ఇంకో విషయం. కెమెరాతో వచ్చిన పట్టీ మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సంచి ఎంత దాచినా ఆ పట్టీ అంచు బయటికి వేలాడితే అంతే సంగతులు. పేరు లేని పట్టీ వేసుకోండి.

బస్సులో సంచి ఒళ్లోనే ఉండాలి, పైన రాక్ మీద పెట్టకండి. నిద్ర పట్టేలా ఉంటే పట్టీ చేతికి ఒక చుట్టు చుట్టుకోండి. బైకు మీద వెళ్లేటప్పుడు సంచి వీపు మీదికి తిప్పుకుని పట్టీ బిగించాలి. మలుపుల్లో అది ముందుకు జారుతుంది, భాకరాపేట ఘాట్‌లో అలా జారితే హ్యాండిల్‌కు అడ్డం వస్తుంది. దీనికి సన్నటి నడుము పట్టీ ఒకటి, క్లిప్పుతో, సంచి వెనుక కుట్టించుకోండి. వాడనప్పుడు లోపలికి మడిచి పెట్టుకోవచ్చు.

రెడీమేడ్‌గా కంపెనీ సంచే కావాలంటే, థింక్ ట్యాంక్ రెట్రోస్పెక్టివ్ వరుస సంచులు మామూలు క్యాన్వాస్ సంచుల్లా ఉంటాయి, వెల్క్రో చప్పుడు రాకుండా మూసే ఏర్పాటు కూడా ఉంటుంది. పనితనం చాలా బాగుంటుంది. ఖరీదు ఎక్కువ, పైగా 40 సెంటీమీటర్ల ట్రైపాడ్ లోపల పడుకునేంత అడుగు వాటిలో చిన్న సైజులకు ఉండదు. కొనే ముందు లోపలి కొలత చూసుకోండి. కుట్టించుకోవడానికి నాకు సంచి కాకుండా ఆరు వందలు అయింది.

మీరు అడగకపోయినా చెప్పాల్సినవి రెండు ఉన్నాయి.

మొదటిది, ప్రతిచోటికీ ట్రైపాడ్ అక్కర్లేదు. జాతరకు అసలు తీసుకెళ్లకండి. ఆ గుంపులో మూడు కాళ్లు పెట్టే చోటు దొరకదు, దొరికినా ఎవరైనా తట్టుకుని పడతారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, అన్నీ కదిలే మనుషులే. కదిలేవాళ్లకు వేగం కావాలి, స్టాండు కాదు. 50 లెన్సు ఎఫ్1.8కి, అంటే పూర్తిగా తెరిస్తే సాయంత్రం వెలుతురు సరిపోతుంది. ఎక్కడైనా కెమెరా నిలకడగా పెట్టాల్సి వస్తే చిన్న గుడ్డసంచిలో పావు కిలో బియ్యం పోసి కుట్టేసుకోండి, పిట్టగోడ మీద పెట్టి దానిపైన కెమెరా ఉంచొచ్చు. ట్రైపాడ్ తీసేస్తే ఆ కిందిఅరలో నీళ్ల సీసా, తువ్వాలు పడతాయి.

రెండోది, సంచి దాచేది దొంగల కంటి నుంచే. కెమెరా వద్దన్న చోటికి తీసుకెళ్లడానికి ఈ సంచి వాడొద్దు. తిరుమల శ్రీవారి ఆలయంలోకి కెమెరా, ఫోను తీసుకెళ్లకూడదు. అలిపిరి దగ్గర సంచులు స్కానింగులో వెళ్తాయి, అడుగున ఉన్న ట్రైపాడ్ అక్కడ ఇనప కడ్డీల కట్టలా కనపడుతుంది. వాళ్లు అడగకముందే జిప్పు తీసి, ఇది కెమెరా స్టాండు అని చూపించండి, నిమిషంలో అయిపోతుంది. దర్శనానికి వెళ్లే ముందు సంచి డిపాజిట్ కౌంటర్లో ఇచ్చేయండి. చంద్రగిరి కోట పురావస్తు శాఖ చేతిలో ఉంది. చేతిలో పట్టుకున్న కెమెరాకు, స్టాండు వేసి తీయడానికి తేడా ఉంది. స్టాండు వేయాలంటే ముందే అనుమతి అడగండి. గేటు దగ్గర మర్యాదగా అడిగితే ఎవరిని కలవాలో చెబుతారు. దాచి తీసుకెళ్లి లోపల బయటపెడితే మీకే కాదు, మీ తర్వాత వచ్చే ఫొటోగ్రాఫర్లందరికీ తనిఖీలు పెరుగుతాయి.

మీ ట్రైపాడ్ 40 కాకుండా 45 దాటేది అయితే నా సలహా మారేది. దాన్ని ఏ భుజం సంచీ దాచలేదు. అప్పుడు ట్రైపాడ్‌ను చాపలా చుట్టి గుడ్డ తొడుగులో విడిగా మోయడమే మేలు. మీకు ఆ ఇబ్బంది లేదు.

సంచి కుట్టడానికి ఇచ్చే రోజు ట్రైపాడ్‌ను ప్యాంటు కాలు తొడిగే తీసుకెళ్లండి, కొలత దానితోనే తీయించండి. జిప్పు పెట్టాక అక్కడే నాలుగైదు సార్లు పెట్టి, లాగి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే ఆయన అప్పటికప్పుడు విప్పి సరిచేస్తాడు. ఇంటికి వచ్చాక నిండుగా సర్ది, ఫొటోలు ఏమీ తీయకుండా ఊరికే ఒక గంట నడవండి. పట్టీ పొడవు ఎంత ఉండాలో ఆ నడకలో తేలుతుంది. తేలిన చోట పెన్నుతో గీత పెట్టి, మిగిలిన తోక కత్తిరించి అంచు అగ్గిపుల్లతో కాల్చేయండి.